నాలుగో నంబరు తువ్వాలు

దాసన్న కాళ్లు చూడటానికి నేను లాకప్ ముందు నేల మీద కూర్చోవాల్సి వచ్చింది. యాభై మూడేళ్ల మోకాళ్లతో కింద కూర్చోవడం ఒక కష్టం, లేవడం ఇంకో కష్టం. సోమవారం ఉదయం పదిన్నర అయింది. స్టేషన్లో ఒక రైటరు, ఒక కానిస్టేబులు తప్ప ఎవరూ లేరు. శివరాత్రి బందోబస్తుకని అందరినీ శ్రీశైలం తోలేశారు. సి.ఐ. కూడా అక్కడే ఉన్నాడు. అంటే ఈ హత్య కేసు మొత్తం ఎస్.ఐ. భూపేష్ చేతిలో ఉందన్నమాట.

నా పేరు శివలీల. సర్కిల్ ఇన్‌స్పెక్టరుగా ఉండి, ఐదేళ్ల కిందట ఉద్యోగం వదిలేసి, కర్నూలులో ఒక గదిలో డిటెక్టివ్ ఆఫీసు పెట్టుకున్నాను. ఎక్కువగా పెళ్లికొడుకుల గుణగణాలు వాకబు చేస్తుంటాను. హత్యలంటే ఇప్పుడు నాకు ఓపిక లేదు. కానీ నిన్న సాయంత్రం విశ్వాసమ్మ ఫోన్ చేసింది. నెలగుందలోని మెన్నోనైట్ క్రైస్తవ సంఘం హైస్కూల్లో ఆమె ఆడపిల్లల హాస్టల్ వార్డెన్. లింగాయతుల పిల్లనైన నేను ఆరు నుంచి పదో తరగతి దాకా ఆ హాస్టల్లోనే పెరిగాను. ఇన్నేళ్లలో ఆమె నన్ను ఏదీ అడగలేదు. "దాసన్నను పట్టకపోయినారు తల్లీ. ఆయప్ప చేయలేదు" అని మాత్రం అంది. అంతకు మించి బతిమాలడం ఆమెకు రాదు.

చనిపోయింది హెడ్మాస్టరు దావీదురాజు. భార్య పోయాక స్కూలు క్వార్టర్‌లో ఒంటరిగా ఉండేవాడు. స్కూలు వెనక భూమిలో కొత్తగా కట్టిన వాననీళ్ల ట్యాంకులో, ఆదివారం సాయంత్రం నాలుగింటికి ఆయన శవం దొరికింది. శనివారమే చేసిన ప్లాస్టరుకు నీళ్లు కొట్టడానికి మూత తీసి చూసిన మనిషి వాచ్‌మన్ దాసన్న. గంట కొట్టడం కూడా అతని పనే.

"కాలు ఇట్ల పెట్టు" అన్నాను.

అతను ఊచల మధ్య నుంచి మడమ చాపాడు. ఆ పగుళ్లలో రూపాయి బిళ్ల నిలబడుతుంది. వాటి నిండా ఎర్రమట్టి, ఎన్నాళ్లదో, గట్టిపడి ఉంది. హెయిర్‌పిన్ను మొనతో గీరాను. పైన ఎర్రమట్టి, లోపల కూడా ఎర్రమట్టే. రెండో కాలూ అంతే.

"ఏమి సూస్తాండావమ్మా?"

"సిమెంటు."

"ఉండదులేమ్మా. నేను ట్యాంకులోకి దిగలేదు."

"శనివారం సాయంత్రం నుంచి చెప్పు. టైము ప్రకారం."

"గంట కొట్టేటోన్ని, టైము ప్రకారమే సెప్తా. ఆరుంపావుకు ప్రార్థన గంట. ఆరుముక్కాలుకు ఇడిసే గంట. ఏడుకు సంగటి గంట. ఏడున్నరకు సదువు గంట. ప్రార్థనప్పుడు వాకిట్లో కూసున్నా. సంగటికాడ పిల్లోళ్లకు నీళ్లు పోసినా."

"హెడ్మాస్టరును కడసారి ఎప్పుడు చూశావు?"

"ఆరు గంటలకు, జెండా కట్టకాడ. మేస్త్రీ అప్పుడే పని ముగించి పోయినాడు. 'రాజీకి పోతాండా దాసన్నా' అన్నాడు సారు."

రాజీ అంటే ఏమిటో నాకు తెలుసు. వాళ్ల సంఘంలో ఏడాదికి రెండుసార్లు ప్రభువు బల్ల ఉంటుంది, ఆ రోజు చర్చిలో ఒకరి కాళ్లు ఒకరు కడిగి రొట్టె పంచుకుంటారు. ముందు రోజు, ఎవరికి ఎవరితో మనస్పర్థ ఉందో వాళ్లు పోయి కలిసి క్షమాపణ అడగాలి. రాజీ కుదరనివాళ్లు బల్లకు రాకూడదు.

"ఎవరితో రాజీకి?"

"సెప్పలేదు. మేము అడగం."

"శుక్రవారం నిన్ను అందరి ముందర తిట్టినాడంట గదా?"

"అవును. గేటు తీసిపెట్టి పోయినానని తిట్టినాడు. శనివారం మద్దేనం పిలిచి 'నన్ను క్షమించు' అన్నాడు. నేనూ అడిగినా. ఆడికి అయిపాయ."

"శనివారం ట్యాంకు దగ్గర ఎవరినైనా చూశావా?"

"లేదు."

"ఎవరి మీదైనా అనుమానం?"

దాసన్న తన చేతుల కేసి చూసుకున్నాడు. బొటనవేలితో మిగతా వేళ్ల చివర్లు రుద్దుకుంటూ కూర్చున్నాడు. వేళ్లకు ఏదో అంటుకున్నట్టు చాలాసేపు రుద్దుకున్నాడు. చూస్తే ఏమీ లేదు.

"నన్ను ఒక గంట బయటికి ఇడిపించు తల్లీ" అన్నాడు చివరికి. "ఒక మనిషితో మాట్లాడల్ల. ముందు ఒంటరిగా పోయి మాట్లాడల్ల. అది మా పద్ధతి."

ఎవరితో అని అడగబోతుంటే వెనక బూట్ల చప్పుడైంది. ఆ ప్రశ్న అడగకుండా లేచి నిలబడటం ఆ రోజు నేను చేసిన మొదటి తప్పు.

"మేడమ్, నేల మీద కూర్చున్నారే. చెప్తే కుర్చీ వేయించేవాణ్ని గదా" అన్నాడు భూపేష్. ఉద్యోగంలో చేరిన కొత్తలో రెండేళ్లు నా కింద పని నేర్చుకున్నాడు. మీసం తిప్పడం బాగా వచ్చింది.

"ఏమప్పా భూపేషూ, దాసన్నను బైబిలు మీద ప్రమాణం చేయమన్నావంట?"

"అన్నాను. చేయనన్నాడు. తప్పు చేయనోనికి ప్రమాణమంటే భయమెందుకు మేడమ్? గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టుంది."

"వాళ్లలో ఎవరూ ప్రమాణం చేయరయ్యా. కోర్టులో కూడా ధ్రువీకరణ చేస్తారు గానీ ఒట్టు పెట్టరు. చట్టం కూడా ఒప్పుకుంటుంది. అవునంటే అవును, కాదంటే కాదు, అంతే. నువ్వు వందసార్లు అడిగినా ఒక్కటే జవాబు."

"వినడానికి బాగుంటాయి ఇవన్నీ. శుక్రవారం పెద్దాయన తిట్టినాడు. శనివారం పదింటికి వీడు కాపలా తిరుగుతా ట్యాంకు దగ్గరికి పోతాడు. ఆయన ఆడ ఉంటాడు. వీడు తోస్తాడు. తలకాయ మెట్టుకు తగుల్తాది. ఆదివారం వీడే మూత తీసి 'శవం' అని అరుస్తాడు. ఇంకేం కావాల?"

"ఇతని కాళ్లకు సిమెంటు లేదు."

"అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటారు. వీడు తొక్కినాడు, తెల్లారి చర్చిలో అందరి ముందర కడిగించుకున్నాడు. ఆదివారం వాళ్ల కాళ్లు కడిగే రోజంట గదా." తన సామెతకు తానే నవ్వుకున్నాడు. "ఇంకా అరెస్టు చూపలేదు మేడమ్. నాలుగింటికి చూపించి ఆదోని మేజిస్ట్రేటు ముందర పెడతా. మీరు వచ్చినారు కాబట్టి అప్పటిదాకా ఆగుతాను."

నా చేతిలో ఐదు గంటలున్నాయి. లాకప్‌లో ఉన్న మనిషి తనను తాను కాపాడుకోవడానికి నోరు తెరవడు. ఎదిరించకూడదన్నది కూడా వాళ్ల నియమమే. ఇలాంటి మనుషుల తరఫున పని చేయడం కన్నా పెళ్లికొడుకుల వెనక తిరగడం మేలు.

*

నెలగుంద స్టేషన్‌కు పద్నాలుగు కిలోమీటర్లు. అద్దె కారు మాట్లాడుకుని స్కూలు చేరేసరికి పన్నెండుంపావు. కాంపౌండు పొడవునా కొత్తగా పాతిన సర్వే రాళ్లు కనిపించాయి.

వరండా మెట్ల దగ్గర చెప్పులు విడిచాను. నా కాలం నుంచీ ఆ నియమం మారలేదు. పిల్లలు, టీచర్లు అందరూ బండల మీద వట్టి కాళ్లతోనే తిరుగుతున్నారు. వైస్ ప్రిన్సిపాల్ ఏసుకుమార్ ఒక్కడే సాక్సులు వేసుకుని ఎదురొచ్చాడు. నేను చూడటం గమనించి, "సుగర్ మేడమ్. కాళ్లు జాగ్రత్త అన్నాడు డాక్టరు" అన్నాడు. యాభై ఐదేళ్ల మనిషి, మెత్తని గొంతు. అడక్కుండానే నాకు సంగటి, చెనక్కాయల పచ్చడి తెప్పించాడు. రాత్రి బస్సులో తిన్న బిస్కెట్ల తర్వాత అదే నా మొదటి తిండి. తింటూనే అడిగాను.

"శనివారం రాత్రి హెడ్మాస్టరు గదిలో లైటు ఉందని మీరు ఎస్.ఐ.కి చెప్పినారంట."

"అవును మేడమ్. తొమ్మిదిన్నరకు నేను పండుకునేటప్పుడు వెలుగుతాండె."

"ఆయనను చూశారా?"

"లైటు చూసినాను."

అడిగిన దానికి సరిగ్గా అంతే జవాబు. ఆ స్కూల్లో అందరూ అంతే. చిన్నప్పుడు ఈ పద్ధతి మీద మేం బయటి పిల్లలం ఎన్నో హాస్యాలాడుకునేవాళ్లం.

"ఆదివారం బల్లకు ఆయన రాలేదు. హెడ్మాస్టరు రాకపోతే ఒక్కరూ ఆయన ఇంటికి పోయి తలుపు కొట్టలేదా?"

ఏసుకుమార్ తల అడ్డంగా ఊపాడు. "కొట్టగూడదు మేడమ్. బల్లకు రాలేదంటే రాజీ కుదరలేదని అర్థం. అది ఆ మనిషికీ దేవునికీ మధ్య సంగతి. ఎవరూ పోయి ఎందుకు రాలేదని అడగరు. మా తాతల కాలం నుంచి ఇదే మర్యాద."

ఆ మర్యాద వల్ల ఆదివారం పదింటికి సంఘమంతా చర్చిలో కూర్చుని, ఒకరి కాళ్లు ఒకరు కడుక్కొని, రొట్టె తిని, పాటలు పాడి ఇళ్లకు పోయింది. అక్కడికి నాలుగు వందల గజాల దూరంలో వాళ్ల హెడ్మాస్టరు ట్యాంకులో పడి ఉన్నాడు. ఇంకే ఊళ్లోనైనా ఒకడు పోయి చూసేవాడు. నాకు కోపం రావాలి, కానీ ఆ మనిషి ముఖం చూస్తే జాలే వేసింది.

"ఆ సర్వే రాళ్లు ఏమిటి?"

"సోలార్ కంపెనీ వాళ్లు వేసినారు. పొలమంతా వాళ్లకిచ్చి స్కూలు ఆదోనికి మార్చేద్దామని నేను కమిటీలో అన్నాను. సారు వద్దన్నాడు. కోసిగి దిక్కు నుంచి అమ్మానాయనలు వలస పోతే ఆ పిల్లోళ్లు యాడ ఉండల్ల అని ఆయన మాట. వాదించుకున్నాం. అందరికీ తెలిసిందే, దాచేదేముంది?"

దాచేదేమీ లేదని నేనూ అనుకున్నాను. చేయి కడుక్కుని లేచాను.

*

ట్యాంకు పది అడుగుల లోతు. పైన రెండడుగుల ఇనుప మూత, లోపలికి ఇనుప మెట్లు. మోకాళ్లను తిట్టుకుంటూ దిగాను. ఒంటిగంట అయింది. టార్చి వేసి నేలంతా మెల్లగా వెతికాను.

శవం పడిన చోట ప్లాస్టరు దిగిపోయి ఉంది. భుజం దగ్గర, నడుము దగ్గర నా వేలు రెండు కణుపుల దాకా లోపలికి పోయింది. భూపేష్ ఇక్కడికి దిగి ఉంటే ఈ ఒక్క గుర్తుతోనే అతని కథ ఆగిపోయేది. దాసన్న మాట ప్రకారం మేస్త్రీ ఆరింటికి పని ముగించి వెళ్లిపోయాడు. ఈ వేడికి ఏడున్నర దాటితే ప్లాస్టరు గట్టిపడిపోతుంది. పదింటికి మనిషి పడితే మనిషికే దెబ్బ తగులుతుంది గానీ నేల దిగదు.

రెండో గుర్తు శవం నుంచి మెట్ల దాకా ఉంది. మేస్త్రీ తాపీ గీతలు గోడ పొడవునా తిన్నగా, ఒకే తీరుగా ఉన్నాయి. ఈ దారిలో మాత్రం గీతలు పొట్టిగా, అడ్డదిడ్డంగా ఉన్నాయి. ఎవరో వట్టి కాళ్లతో శవం దాకా నడిచి, వెనక్కి వస్తూ తమ అడుగులు తామే చదును చేసుకున్నారు. తాపీ మూత పక్కన దొరికింది, అంచుకు సిమెంటు రాయిలా అంటుకుని. తాపీ కడక్కుండా పోయే మేస్త్రీని నేను చూడలేదు.

మూడోది ఉదయం రైటరు చూపించిన ఫోటోలో గమనించాను. దావీదురాజు చొక్కా జేబు మీద బూడిదరంగు వేలిగుర్తులు. దిగినవాడు ఆ జేబులోంచి ఏదో తీసుకున్నాడు. అందుకే దిగాడు.

పైకెక్కి ఊపిరి తీసుకుంటుంటే మోటార్‌సైకిల్ మీద భూపేష్ వచ్చాడు. ఒకటీ నలభై అయింది.

"ఏమన్నా దొరికిందా మేడమ్? ముత్యాలా, పగడాలా?"

"నువ్వు లోపలికి దిగినావా?"

"పైనుంచి చూసినాను. ఫోటోగ్రాఫరు దిగినాడు."

"అదే చెప్తాండా. ఫోటోగ్రాఫరు చేసినంత పని కూడా నువ్వు చేయలేదు." మూడు గుర్తులూ ఒక్కొక్కటే చెప్పాను. "చచ్చింది ఆరుకూ ఏడున్నరకూ మధ్య. ఆ గంటన్నరలో దాసన్న నాలుగుసార్లు గంట కొట్టినాడు. మధ్యలో ప్రార్థన వాకిట్లో, సంగటి బానల దగ్గర ఉన్నాడు. రెండు వందల మంది పిల్లలు సాక్ష్యం."

"పిల్లోళ్లు ఏమి చెప్పమంటే అది చెప్తారు."

"ఈ స్కూలు పిల్లలు చెప్పరు. పోయి అడిగి చూడు. ఇంకో మాట. దిగినోడు వట్టి కాళ్లతో దిగినాడు. నువ్వు చర్చిలో కడిగించుకున్నాడన్నావే, మడమ పగుళ్లలోకి సిమెంటు పోతే ఒక్కసారి కడిగితే పోదప్పా. మీ ఇంటి మేస్త్రీ కాళ్లు ఎప్పుడైనా చూసినావా? దాసన్న పగుళ్లలో ఎర్రమట్టి కదల్లేదు. రిమాండుకు ముందు డాక్టరు చూస్తాడు. కాగితం మీద రాస్తాడు. మేజిస్ట్రేటు చదువుతాడు. శ్రీశైలం నుంచి సి.ఐ. వచ్చి నిన్ను అడుగుతాడు. అప్పుడు నువ్వు సామెతలు చెప్పు."

భూపేష్ ముఖం ఎర్రబడింది. "మీరు ఇప్పుడు సి.ఐ. కాదు మేడమ్."

"కాదు. అందుకే పేపరోళ్లతో మాట్లాడే హక్కు కూడా నాకుండాది."

నాకు నిజానికి అతనితో పోట్లాడే ఓపిక లేదు. ఒకప్పుడు ఇలా గెలిస్తే వారం రోజులు సంబరంగా ఉండేది. అతను పక్కకు తిరిగి ఫోన్ తీశాడు. "రైటర్ గారూ, ఆ దాసన్నను ఇంటికి పంపేయండి. బాధ్యత గల మనిషి ఎవరన్నా వస్తే సంతకం పెట్టించుకొని అప్పజెప్పండి. మన దగ్గర బండి లేదు." ఫోన్ జేబులో పెట్టుకుని నాకేసి చూడకుండా, "మేస్త్రీని తెస్తా" అని బండెక్కి పోయాడు.

వెనక వరండాలో నిలబడి ఏసుకుమార్ మా మాటలన్నీ విన్నాడు. "నేను పోయి తీసుకొస్తా మేడమ్. స్కూలు జీపుండాది" అన్నాడు.

"మీ కాళ్లు బాగాలేవు గదా సార్. ఇంకెవరినైనా పంపండి."

"దాసన్న కోసం పోకపోతే ఎట్ల మేడమ్?"

మంచిది సార్, శానా సంతోషం అని చేతులు కూడా జోడించాను. రెండూ పదికి జీపు గేటు దాటింది.

*

విశ్వాసమ్మ స్టోరు గదిలో ఉంది. డెబ్బై రెండేళ్లు, ఇంకా చీర కుచ్చిళ్లు చెదరవు. దాసన్న వస్తున్నాడని చెబితే కళ్లు మూసుకుని పెదాలు కదిలించింది. నేను బియ్యం మూట మీద కూలబడ్డాను. ఇక కర్నూలు బస్సెక్కి నిద్రపోవచ్చు అనిపించింది. కానీ భూపేష్ సామెత ఒకటి పంటిలో ఇరుక్కున్నట్టు బాధపెడుతోంది. రేపు సి.ఐ. వచ్చి మళ్లీ ఆ వాదనే తీస్తే, చర్చిలో కడిగేసుకున్నాడంటే, నా దగ్గర హెయిర్‌పిన్ను తప్ప ఏముంది?

"అమ్మా, ఆదివారం కాళ్లు తుడిచిన తువ్వాళ్లు యాడున్నాయి?"

"పెట్టెలో ఉండాయి. మంగళవారం ఆడోళ్ల ప్రార్థన అయినాక అందరం కలిసి ఉతుకుతాం."

"ఇంకా ఉతకలేదన్నమాట."

"లేదు."

రేకు పెట్టె తెరిచింది. ఎమ్మిగనూరు నేత తువ్వాళ్లు, తెల్లవి, మడతలు పెట్టి ఉన్నాయి. మూలన ఎర్రదారంతో ఒక్కొక్క దానికి నంబరు కుట్టి ఉంది. మా చిన్నప్పుడు బల్ల రోజు బయటి పిల్లలను తోటలోకి పంపేవారు. అందుకే లోపల ఏమి జరుగుతుందో నేనెప్పుడూ చూడలేదు. విశ్వాసమ్మే చెప్పింది. మొగోళ్లు ఒక దిక్కు, ఆడోళ్లు ఒక దిక్కు. బాప్తిస్మం తీసుకున్న సంవత్సరం ప్రకారం బెంచీల మీద కూర్చుంటారు. పక్కపక్కన ఉన్న ఇద్దరు జత. ఒకరు తువ్వాలు నడుముకు కట్టుకుని, పళ్లెంలో నీళ్లు పోసి రెండోవారి కాళ్లు కడిగి తుడుస్తారు. తర్వాత రెండోవారు అదే తువ్వాలు కట్టుకుంటారు. జతకు ఒక తువ్వాలు. పెద్దా చిన్నా లేదు, జీతమూ చదువూ లేదు, సంవత్సరం ఒక్కటే లెక్క.

"దాసన్నది ఎన్నో నంబరు?"

"నాలుగు."

దాసన్న కాళ్లు తుడిచిన గుడ్డ శుభ్రంగా ఉంటే నాకు చాలు. దాన్ని కవర్లో పెట్టి సీలు వేసి సి.ఐ.కి ఇస్తాను. నాలుగో నంబరు తువ్వాలు విప్పి కిటికీ వెలుగులో పట్టుకున్నాను.

ఒక అంచు ఎర్రగా ఉంది, పొలం మట్టి. రెండో అంచు బిరుసుగా తగిలింది. బూడిదరంగు మరక, అందులో ఇసుక లాంటి చిన్న పలుకులు. గోటితో నలిపితే నలగలేదు. నీళ్లలో నాని, పగుళ్లలోంచి ఊడి, గుడ్డలో ఆరి గట్టిపడిన సిమెంటు.

మొదట, భూపేష్ చెప్పిందే నిజమైంది, నేనే ఒక హంతకుణ్ని బయటికి వదిలించాను అనుకున్నాను. తర్వాత ఉదయం నా పిన్ను మొనకు అంటిన ఎర్రమట్టి గుర్తొచ్చింది. తువ్వాలు ఒకటే, కాళ్లు ఇద్దరివి. ఎర్ర అంచు దాసన్నది.

"అమ్మా, దాసన్న జత ఎవరు?"

"ఏసుకుమార్ సారు. ఇద్దరికీ ఒకే పొద్దు బాప్తిస్మం ఇచ్చినారు, మన స్కూలు బావిలోనే. ముప్పై ఆరేండ్లుగా ఒకరి కాళ్లు ఒకరు కడుగుతాండారు."

ముప్పై ఆరేళ్లు. ఆ పాదాల్లో ప్రతి పగులూ, ప్రతి గోరూ దాసన్న వేళ్లకు తెలుసు. ఆదివారం పదింటికి ఆ వేళ్లకు కొత్తగా ఏదో గరుకు తగిలింది. అప్పుడది ఏమిటో అతనికి తెలియదు. సాయంత్రం నాలుగింటికి ట్యాంకు మూత తీశాక తెలిసింది. నేను లాకప్ దగ్గర శనివారం గురించి అడిగాను. ఆదివారం గురించి అడగలేదు.

"దాసన్న నాకు ఎందుకు చెప్పలేదమ్మా?"

"ఏమి?"

తువ్వాలు చూపించాను. ఆమె చాలాసేపు చూసింది. చెయ్యి మాత్రం వేయలేదు.

"కాళ్లు కడిగేటప్పుడు చూసినది బయట చెప్పగూడదు తల్లీ. కుష్టు ఉంటాది, పుండు ఉంటాది, ఎన్నో ఉంటాయి. పళ్లెంలో చూసినది పళ్లెంలోనే పారబోయల్ల."

"శనివారం ప్రార్థన ఎవరు నడిపినారు?"

"నేనే."

"ఎప్పుడూ మీరేనా?"

"ఎప్పుడూ ఏసుకుమార్ సారే. ఆ పొద్దు రాజీకి పోవల్ల, మీరు నడపండి అన్నాడు."

"ఈ మాట నాకు ముందే చెప్పి ఉండొచ్చు గదమ్మా."

"నువ్వు అడగలేదు. రాజీ సంగతి మేము మాట్లాడం" అంది.

ఒకే సాయంత్రం ఇద్దరు రాజీకని బయల్దేరారు, ఒకరి దగ్గరికొకరు. ఒకడే తిరిగొచ్చాడు. హెడ్మాస్టరు గదిలో లైటు వెలుగుతోందన్న మాట అబద్ధం కాదు. వెలిగించింది ఎవరని నేను అడగలేదు, జేబులోంచి తీసింది ఆ గది తాళంచెవే అయి ఉండాలి. సుగర్ కూడా నిజమే కావచ్చు, సాక్సులు దానికోసం కాదు. పచ్చి సిమెంటులో అంతసేపు వట్టి కాళ్లతో నిలబడితే చర్మం కాలుతుంది. ఆదివారం చర్చికి రాకుంటే తన ఖాళీ చోటునూ హెడ్మాస్టరు ఖాళీ చోటునూ కలిపి చూస్తారని, వచ్చి కాళ్లు చాపాడు. ముప్పై ఆరేళ్లుగా కడిగిన చేతులకే చాపాడు. దాసన్నకు తెలిసిపోయిందని అతనికీ తెలిసే ఉంటుంది.

"తప్పు చేసినోని దగ్గరికి మీవాళ్లు మొదట ఒంటరిగా పోవాలా?" అని అడిగాను.

"అవును తల్లీ. ఎవరి తప్పు మనకు తెలిస్తే, ముందు వాళ్ల దగ్గరికి మనమొక్కరమే పోయి చెప్పల్ల. వాళ్లు వినకపోతేనే ఇంకొకరిని తీసుకపోవల్ల."

ఫోన్ తీశాను. రెండూ నలభై ఎనిమిది. భూపేష్ ఫోన్ మోగి మోగి ఆగింది. స్టేషన్‌కు చేశాను. కానిస్టేబులు ఎత్తాడు.

"దాసన్న ఉన్నాడా?"

"లేడు మేడమ్. స్కూలు సారొచ్చి సంతకం పెట్టి తీసుకపోయినాడు. పది నిమిషాలైంది."

"ఎట్ల పోయినాడు? ఏమన్నా అన్నాడా?"

"ఏమీ అనలేదు మేడమ్. వాకిట్లో నిలబడి సారు కాళ్ల దిక్కు చూసినాడు శానాసేపు. సారు కూడా ఏమీ మాట్లాడలేదు. 'ఎక్కకపోతే నడిచి పోరాదా పెద్దాయనా' అని నేను తమాషాకి అన్నా. 'లేదప్పా, నేనే రమ్మని అడగల్లనుకున్నా' అని జీపు ముందు సీట్లో ఎక్కి కూసున్నాడు."

"జీపు నెలగుంద దావ పట్టిందా?"

కుర్చీ జరిపి కిటికీ దాకా పోయిన చప్పుడు వినిపించింది.

"లేదు మేడమ్. మీరడిగితే గుర్తొచ్చింది. ఆలూరు దిక్కు తిరిగింది."

విశ్వాసమ్మ నా ముఖం చూసి పెట్టె అంచు పట్టుకుని నేల మీద కూర్చుంది. చెప్పులు వేసుకోవడం కూడా మరిచిపోయి నేను కారు దగ్గరికి పరుగెత్తాను. దాసన్న చెయ్యెత్తడు, అరవడు, జీపులోంచి దూకడు. అది ఏసుకుమార్‌కు నాకన్నా బాగా తెలుసు. ఒక మనిషితో ఒంటరిగా మాట్లాడే ఏర్పాటు చేయమని పొద్దున దాసన్న నన్ను అడిగాడు. పోట్లాడి, గెలిచి, చేతులు జోడించి మరీ ఆ ఏర్పాటు నేనే చేశాను.